ఎక్కాలు తలకెక్కే దారి

"ఏడెనిమిదులు ఎంతమ్మా?" అని అడిగాము. తొమ్మిదేళ్ళ పిల్ల తల వంచుకుంది. పెదవులు కదుపుతూ "ఏడొకట్ల ఏడు" దగ్గర మొదలుపెట్టింది. ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ ఏడైదుల దాకా వచ్చి, అక్కడ కాలు జారి, మళ్ళీ మొదటికి వెళ్ళింది. మూడోసారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పిల్ల మా మనుమరాలు. ఆమెకు ఆ ఎక్కం నేర్పినవాళ్ళము మేమే. కనుక ఆ తప్పు ఆమెది కాదు, మాదే.

మేము దంపతులం నేటాలులో పుట్టి పెరిగినవాళ్ళము. మా అమ్మాయి కాపురం అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో. ఈ మధ్య కొన్ని నెలలు అక్కడ ఉండివచ్చాము. "బడిలో నిమిషానికి ఇన్ని లెక్కలని కాగితాలిస్తున్నారు. ఇది భయపడిపోతోంది. చిన్నప్పుడు అవ్వ మీకు దీపం దగ్గర కూర్చోబెట్టి నేర్పిన తెలుగు ఎక్కాలు దీనికీ నేర్పండి నాన్నా" అని అమ్మాయి అడిగింది. మేము పొంగిపోయి, మాకు నేర్పిన పద్ధతిలోనే వల్లె వేయించాము. రెండు వారాలు తిరిగేసరికి పాట వచ్చింది, లెక్క రాలేదు. అప్పుడు మమ్మల్ని మేమే ప్రశ్నించుకుని, దారి మార్చుకున్నాము. ఆ మార్చుకున్న దారిని ఈ పత్రిక పాఠకులకు చెప్పుకుందామని ఈ వ్యాసం. డర్బనులో ఉన్నా, మారిషస్‌లో ఉన్నా, ఫిజీలో ఉన్నా మన ఇళ్ళలో పిల్లలున్నారు. వారికీ ఎక్కాలున్నాయి.

మనకు ఎక్కం ఎందుకు?

చేతిలో లెక్కల యంత్రం ఉండగా ఈ వల్లింపు ఎందుకని కొందరు అడుగుతారు. మన కుటుంబాలలో పుట్టినవారు ఆ మాట అనకూడదని మా మనవి.

1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి వచ్చి డర్బను రేవులో ఆగింది. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది గిర్మిట్టు కూలీలుగా నేటాలుకు వచ్చారు. ఒప్పందం అయిదేళ్ళు. తిండి బత్తెం కాక, మగవానికి మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, తరువాత ఏటేటా ఒక్కొక్క షిల్లింగు పెంపు. అంటే 10, 11, 12, 13, 14. ఆ అయిదూ కలిపితే 60. ఏడాదికి పన్నెండు నెలలు కనుక అరవై పన్నెండ్లు 720 షిల్లింగులు. ఇరవై షిల్లింగులు ఒక పౌను కనుక మొత్తం 36 పౌనులు. ఒక్క రోజు కోత కూడా లేకుండా చేతికి వచ్చి ఉంటే ఒక మనిషి అయిదేళ్ళ కష్టానికి వెల అది. జబ్బు పడిన రోజులకూ, పనికి రాని రోజులకూ కోత ఉండేది. ఆ కోత సరిగా కోశారో లేదో కనిపెట్టడానికి కూలివాడికి ఉన్న ఆయుధం తన నోటిలెక్క ఒక్కటే.

ఫిజీలో మగవాని పనికి దినానికి ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. ఆరు రోజులు పని చేసిన తల్లికి ఆరు తొమ్మిదులు యాభై నాలుగు పెన్నీలు రావాలి. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు కనుక నాలుగు షిల్లింగుల ఆరు పెన్నీలు. తొమ్మిదో ఎక్కం, పన్నెండో ఎక్కం రెండూ వస్తే గాని ఆ తల్లికి తన కూలి తనకు తెలియదు. దక్షిణాఫ్రికాలో 1961లో రాండు వచ్చేదాకా మన బడి పిల్లలు పన్నెండో ఎక్కాన్ని అంత గట్టిగా చదివినది ఈ పెన్నీల కోసమే.

ఇంకొక్క లెక్క. ఒప్పందం తీరాక తిరిగి ఒప్పందం వ్రాయక, ఇండియాకూ పోక నేటాలులో నిలిచిన వారిపై తలకు 3 పౌనుల పన్ను వేస్తూ 1895లో చట్టం చేశారు. తరువాత దానిని పదహారేళ్ళు దాటిన మగపిల్లలకూ, పదమూడేళ్ళు దాటిన ఆడపిల్లలకూ పెంచారు. తండ్రి, తల్లి, ఈడు వచ్చిన ఒక ఆడపిల్ల ఉన్న ఇంటికి మూడు మూళ్ళు తొమ్మిది పౌనులు, అంటే 180 షిల్లింగులు. నెలకు 14 షిల్లింగుల చొప్పున చూస్తే దాదాపు పదమూడు నెలల జీతం. ఏడాదిలో పన్నెండే నెలలు! 1913లో వేలమంది పనులు మాని రోడ్డెక్కినది ఈ లెక్క తెలిసే. 1914లో ఆ పన్ను రద్దయింది. మూడు మూళ్ళు తొమ్మిది అన్నది మన పెద్దలకు పలకమీది పాఠం కాదు, ఇంటి గోడు.

అక్కడి బడులూ ఎక్కాలను వదలలేదు. మిషిగన్ రాష్ట్రం 2010లో స్వీకరించిన పాఠ్య ప్రమాణాల ప్రకారం మూడో తరగతి ముగిసేసరికి ఒంటి అంకెల గుణకారాలన్నీ పిల్లలకు జ్ఞాపకం నుంచే రావాలి. రావాలని అందరూ అంటారు. ఎలా రావాలన్నదే చిక్కు.

వీధిబడి వదిలిపెట్టినది

మన పాత వీధిబడులలో ఎక్కాలకు పెద్ద పీట. బళ్ళారి కలెక్టరుగా ఉన్న కాంప్‌బెల్ 1823లో వ్రాసిన నివేదికలో, పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దడం, అందరూ నిలబడి ఒకరు చెబుతుంటే తక్కినవారు అందుకుంటూ ఎక్కాలు వల్లించడం కనిపిస్తాయి. ఒకటి మొదలు పైకి వెళ్ళే ఎక్కాలే కాదు, కిందికి దిగే ఎక్కాలు కూడా ఉండేవి: అర, పాతిక, పరక, వీసం. ఒకటిలో పదహారో వంతు వీసం. "వీసమెత్తు" అనే మాట ఇప్పటికీ మన నోళ్ళలో ఉన్నది.

ఆ పద్ధతిలో బలం ఉంది. గుంపుతో కలిసి పలికితే సిగ్గు పోతుంది, తాళం కుదురుతుంది. లోపం కూడా ఉంది. వరుసగా నేర్చినది వరుసగానే వస్తుంది. దండలో పూసల వలె ఒకదాని వెనుక ఒకటి లాగవలసిందే. మధ్యలో పూస కావాలంటే మొదటి నుంచి లాగాలి. మా మనుమరాలికి జరిగినది అదే. కొట్టులో సామాను కొనేటప్పుడు ఎవరూ ఏడొకట్ల నుంచి అడగరు, ఏడెనిమిదులే అడుగుతారు. కనుక వల్లింపును పారేయకుండా, దాని ముందు ఒకటీ వెనుక కొన్నీ చేర్చాలి.

ముందు కంటికి: ముగ్గు చుక్కలు

మొట్టమొదట ఎక్కం అంటే ఏమిటో పిల్లకు కనబడాలి. మా ఇంటావిడ ఒక శనివారం ఉదయం కాగితం తెచ్చి ముగ్గు చుక్కలు పెట్టించింది. "ఆరు చుక్కలు, ఆరు వరుసలు" అన్నది. పిల్ల పెట్టి, లెక్కబెట్టింది, ముప్పై ఆరు. "ఏడు చుక్కలు, ఏడు వరుసలు" అంటే నలభై తొమ్మిది. మన ఆడవాళ్ళు తరతరాలుగా వాకిట్లో పెట్టిన ముగ్గు గుణకారమేనని మాకూ ఆనాడే తట్టింది.

తరువాత మూడు వరుసలలో ఎనిమిదేసి చుక్కలు పెట్టించి, కాగితాన్ని పక్కకు తిప్పమన్నాము. ఎనిమిది వరుసలలో మూడేసి అయ్యాయి. చుక్కలు మాత్రం అవే ఇరవై నాలుగు. "అయితే మూడెనిమిదులు వస్తే ఎనిమిది మూళ్ళు కూడా వచ్చినట్లేనా తాతయ్యా?" అని అడిగింది. ఆ ప్రశ్న వచ్చిన రోజున సగం బరువు దిగినట్టే.

బరువు దించడం: నూటి నుంచి పదికి

నిజంగానే సగం దిగుతుంది. ఒకటి నుంచి పది వరకు పది ఎక్కాలలో మొత్తం 100 మెట్లు. కాగితం తిప్పే ఉపాయంతో అవి 55 అవుతాయి. ఒకటో ఎక్కం ఎవరికైనా వచ్చును, పది మెట్లు పోయి 45. పదో ఎక్కం అంటే పక్కన సున్న చేర్చడమే, తొమ్మిది పోయి 36. రెండో ఎక్కం రెట్టింపు చేయడం, ఎనిమిది పోయి 28. అయిదో ఎక్కం గడియారం ముల్లు చూస్తే వస్తుంది, ఏడు పోయి 21. తొమ్మిదో ఎక్కానికి వేళ్ళ ఉపాయం కింద చెబుతాము, ఆరు పోయి 15. మూడు మూళ్ళు, నాలుగు నాలుగులు, ఆరార్లు, ఏడేళ్ళు, ఎనిమిదెనిమిదులు ముగ్గులో కనిపించేవి, అయిదు పోయి 10.

నూరు కొండలా నిలబడినది పదికి దిగింది. చేతి వేళ్ళు ఎన్నో అన్నే. పిల్లకు ఈ తీసివేత కళ్ళ ముందు చేసి చూపండి. ఒక్కొక్క గడి కొట్టివేస్తుంటే ముఖం విప్పారుతుంది. భయంలో జ్ఞాపకం పనిచేయదు. కనుక బరువు దించడమే మొదటి జ్ఞాపక సూత్రం.

చెవికి: తెలుగు మాట చేసే మేలు

ఇంగ్లీషులో చదివే పిల్లలు థర్టీన్‌కూ థర్టీకీ, ఫోర్టీన్‌కూ ఫార్టీకీ తికమక పడతారు. తెలుగులో పదమూడు, ముప్పై అంటే ఆ తికమక లేదు. పది ముందు వస్తుంది, మూడు వెనుక వస్తుంది.

ఇంకొక మేలు సంధి. ఆరు, ఆర్లు కలిస్తే "ఆరార్లు". ఏడు, ఎనిమిదులు కలిస్తే "ఏడెనిమిదులు". రెండు అంకెలు ఒకే మాటగా అతుక్కుంటాయి. ఒకే మాట కనుక ఒకే జవాబు దాని వెంట వస్తుంది. అందుకని మేము పాటను మానలేదు. పాటలోని ఒక్కొక్క ముక్కను విడదీసి, పేరు పెట్టి పిలిచినట్లు పిలిచాము. "ఆరెనిమిదులూ!" అని వంటింట్లోంచి పిలిస్తే "నలభై ఎనిమిదీ!" అని మేడమీద నుంచి పలకాలి. అది ఆటయింది.

ఒకనాడు మనుమరాలు నవ్వుతూ, "ఏడేళ్ళు అంటే సెవెన్ ఇయర్స్ కాదా అమ్మమ్మా? సెవెన్ ఇయర్స్ నలభై తొమ్మిది ఎలా అవుతుంది?" అన్నది. మన భాషలో ఏడు అన్న అంకెకూ, ఏడు అన్న సంవత్సరానికీ బహువచనం ఒకటే కదా. మేము నవ్వి ఊరుకోక, మా ముత్తాత సంగతి చెప్పాము. ఆయన ఓడ ఎక్కేటప్పుడు ఒప్పందం అయిదేళ్ళు. ఇంకో అయిదేళ్ళు ఆ దేశంలో ఉంటే, అంటే మొత్తం పదేళ్ళకు, తిరుగు ఓడకు డబ్బు కట్టనక్కరలేదు. "అయిదేళ్ళు ముప్పై అయిదు, పదేళ్ళు డెబ్బై" అని చెప్పాము. పిల్ల కాసేపు ఆలోచించి, "పదేళ్ళయ్యాక వెళ్ళాడా?" అని అడిగింది. "వెళ్ళలేదమ్మా. వెళ్ళి ఉంటే మనం ఇక్కడ లేము" అన్నాము. అయిదేళ్ళు, పదేళ్ళు ఆ పిల్ల మరి మరచిపోలేదు. కథతో వచ్చిన అంకె ఒంటరిగా వచ్చిన అంకెలా జారిపోదు.

మనసుకు: పదింటికి పది బొమ్మలు

ఆ అనుభవంతో మిగిలిన పది మెట్లకు ఒక్కొక్క బొమ్మ కట్టాము. మన పండుగలలో, పురాణాలలో, వాడుకలో అంకెలకు కొదువ లేదు.

మూడు నాలుగులు పన్నెండు: పన్నెండు రాశులు. ఇంకో చమత్కారం, 1, 2, 3, 4 వరుసగా వ్రాస్తే పన్నెండు అంటే మూడు నాలుగులు.

మూడార్లు పద్దెనిమిది: భారతం పద్దెనిమిది పర్వాలు.

నాలుగార్లు ఇరవై నాలుగు: రోజును ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని నాలుగు భాగాలు చేస్తే ఆరేసి గంటలు.

మూడేళ్ళు ఇరవై ఒకటి: వినాయక చవితికి ఇరవై ఒక్క రకాల పత్రి.

మూడెనిమిదులు ఇరవై నాలుగు: జాముకు మూడు గంటలు, రోజుకు ఎనిమిది జాములు. గాయత్రి మంత్రానికి కూడా ఎనిమిదేసి అక్షరాల పాదాలు మూడు.

నాలుగేళ్ళు ఇరవై ఎనిమిది: ఫిబ్రవరి నెల, సరిగ్గా నాలుగు వారాలు.

నాలుగెనిమిదులు ముప్పై రెండు: నోట్లో పళ్ళు. పైన ఎనిమిది, ఎనిమిది. కింద ఎనిమిది, ఎనిమిది.

ఆరేళ్ళు నలభై రెండు: ఉగాది పచ్చడిలో ఆరు రుచులు. వారం రోజులూ పచ్చడి చేస్తే నలభై రెండు రుచులు. వేపపువ్వు చేదు ఏడు రోజులు తినాలంటే మా మనుమరాలు పెట్టిన ముఖమే ఈ మెట్టుకు అసలు బొమ్మ.

ఆరెనిమిదులు నలభై ఎనిమిది: అమెరికా జెండాపై 1912 నుంచి 1959 వరకు నక్షత్రాలు నలభై ఎనిమిది. ఎనిమిదేసి చొప్పున ఆరు వరుసలు. 1959లో అలాస్కా చేరాక ఒక్క ఏడాది పాటు నలభై తొమ్మిది నక్షత్రాల జెండా ఎగిరింది. అది ఏడు వరుసలు, ఏడేసి నక్షత్రాలు. ఏడేళ్ళకు కూడా బొమ్మ దొరికింది.

ఏడెనిమిదులు యాభై ఆరు: ఛప్పన్నారు దేశాలు. మన పాత కథలలో రాజకుమారుడు తిరిగి వచ్చేది ఛప్పన్నారు దేశాలే కదా. మన వాళ్ళూ అంతే తిరిగారు. 5, 6, 7, 8 వరుసగా వ్రాసినా యాభై ఆరు అంటే ఏడెనిమిదులు.

ఇవి మా ఇంటి బొమ్మలు. మీ ఇంట్లో మీ పిల్లలు చెప్పిన బొమ్మలు ఇంకా బాగా పనిచేస్తాయి. పిల్ల తాను కట్టిన బొమ్మను మరవదు. ఒక్క జాగ్రత్త: మెట్టుకు ఒక్క బొమ్మే. నాలుగు బొమ్మలు కడితే ఏది దేనికో మళ్ళీ కంఠస్థం చేయవలసి వస్తుంది.

దారికి: మైలు రోడ్లు

జ్ఞాపకానికి చోటు కావాలి. ఏ వస్తువును ఏ గూట్లో పెట్టామో గుర్తుంటే వస్తువు దొరుకుతుంది. తెలిసిన ఇంటిలో గదుల వరుసన విషయాలను మనసులో పెట్టుకుంటూ పోవడం ప్రాచీన గ్రీకు, రోమను వక్తలకు తెలిసిన విద్య. మనకు అవధానం ఉంది. ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి అడుగుతూ, మధ్యలో గంట కూడా కొడుతూ ఉంటే, అవధాని అన్నీ మనసులో నిలుపుకుని చివరకు వరుసగా అప్పజెబుతాడు. ఆ నిలుపుకోవడాన్నే ధారణ అంటారు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వెంకట శాస్త్రి అనే జంట కవులు ఈ విద్యను ఊరూరా చూపి తెలుగువారిని మురిపించారు. మన పిల్లలు అవధానులు కానక్కరలేదు. ధారణకు మాత్రం వారూ వారసులే.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఈ పనికి ఊరే సాయం చేసింది. అక్కడ అడ్డరోడ్లకు పేర్లు అంకెలే. డిట్రాయిట్ నగరం నడిబొడ్డు నుంచి మైళ్ళు లెక్కబెట్టి పెట్టిన పేర్లు. ఊరికి దక్షిణపు హద్దు ఎయిట్ మైల్ రోడ్డు, ఉత్తరపు హద్దు ఫోర్టీన్ మైల్ రోడ్డు. మధ్యలో నైన్, టెన్, ఎలెవెన్, ట్వెల్వ్, థర్టీన్. మొత్తం ఏడు రోడ్లు. మిడిల్‌బెల్ట్ రోడ్డు మీద ఉత్తరంగా కారు నడిపితే మైలుకొకటి చొప్పున ఎదురవుతాయి.

మా పది మెట్లలో కష్టమైనవి ఏడు. చిన్న జవాబు నుంచి పెద్ద జవాబు వరకు వరుసగా ఏడు రోడ్ల మీద నిలబెట్టాము. ఎయిట్ మైల్ మలుపులో పత్రి మోస్తున్న వినాయకుడు. నైన్ మైల్ దగ్గర ఎనిమిది జాముల గడియారం. టెన్ మైల్ దగ్గర మంచులో ఫిబ్రవరి. ఎలెవెన్ మైల్ దగ్గర ముప్పై రెండు పళ్ళూ కనబడేలా నవ్వుతున్న తాతయ్య. ట్వెల్వ్ మైల్ దగ్గర ఉగాది పచ్చడి గిన్నె. థర్టీన్ మైల్ దగ్గర పాత జెండా. ఫోర్టీన్ మైల్ దాటితే ఊరు అయిపోతుంది కనుక అక్కడి నుంచి ఛప్పన్నారు దేశాలు. మిగిలిన మూడింటిని ఇంట్లోనే పెట్టాము: వీధి గుమ్మం, వంటిల్లు, దేవుడి గూడు.

ఇక్కడ ఒక పొరపాటు చేసి దిద్దుకున్నాము. మొదట రోడ్డు పేరునూ జవాబునూ కలిపి చెప్పించాము. అంకె మీద అంకె పడి పిల్ల తికమక పడింది. రోడ్డు దగ్గర బొమ్మను మాత్రమే చూడమన్నాక కుదిరింది. బొమ్మ కనబడితే మెట్టు దానంతట అది నోటికి వస్తుంది. మారిషస్‌లోనో ఫిజీలోనో ఉన్నవారు బస్సు ఆగే చోట్లను వాడుకోవచ్చును. చెరకు తోట గట్లు, గుడి మెట్లు, దుకాణాల వరుస, ఏదైనా సరే. పిల్ల రోజూ చూసే దారి అయితే చాలు.

చేతికి: వేళ్ళ ఉపాయాలు

తొమ్మిదో ఎక్కానికి రెండు చేతులూ ముందు చాపండి. తొమ్మిది నాలుగులు కావాలంటే ఎడమ నుంచి నాలుగో వ్రేలు ముడవండి. ముడిచిన వ్రేలికి ఎడమ పక్క మూడు, కుడి పక్క ఆరు. జవాబు 36. తొమ్మిదేళ్ళకు ఏడో వ్రేలు ముడిస్తే ఆరు, మూడు, అంటే 63. జవాబులోని రెండు అంకెలూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. పిల్ల తన జవాబును తానే సరిచూసుకోగలదు.

ఆరు నుంచి పది వరకు ఇంకో ఉపాయం. ఏడెనిమిదులు కావాలి. ఏడు అంటే అయిదు మీద రెండు, ఎడమ చేతిలో రెండు వేళ్ళు నిలపండి, మూడు ముడవండి. ఎనిమిది అంటే అయిదు మీద మూడు, కుడి చేతిలో మూడు నిలపండి, రెండు ముడవండి. నిలిచినవి అయిదు, అవి పదులు: యాభై. ముడిచినవి మూడు, రెండు, వాటిని గుణించండి: ఆరు. యాభై ఆరు. ఆరేళ్ళకు నిలిచినవి ఒకటి, రెండు, అంటే ముప్పై. ముడిచినవి నాలుగు మూళ్ళు పన్నెండు. కలిపితే నలభై రెండు. నాలుగో ఎక్కం వరకు వచ్చిన పిల్లకు ఇది చాలు.

వేళ్ళు ఊతకర్ర వంటివి. జ్ఞాపకం తడబడినపుడు పడిపోకుండా కాపాడతాయి. నడక వచ్చాక పిల్లే వదిలేస్తుంది. "వేళ్ళు లెక్కబెట్టకు" అని చేతి మీద కొట్టకండి.

కాలానికి: కొంచెం కొంచెంగా

జర్మనీ పండితుడు ఎబ్బింగ్‌హౌస్ తన మీదనే పరీక్షలు చేసుకుని 1885లో ఒక పుస్తకం ప్రకటించాడు. నేర్చినది మొదటి గంటల్లోనే ఎక్కువగా జారిపోతుంది. మధ్య మధ్య ఎడమిచ్చి గుర్తు చేసుకుంటే నిలుస్తుంది. కనుక ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టడం కంటే రోజూ పది నిమిషాలు మేలు. మేము పాటించిన వరుస ఇది: నేర్చిన నాటి రాత్రి ఒకసారి, మర్నాడు ఒకసారి, మూడో నాడు, వారానికి, ఆపైన పక్షానికి. రోజుకు కొత్త మెట్టు ఒక్కటే.

అడిగేటప్పుడు వరుస తప్పించి అడగండి. జవాబు చూపి చదివించకండి, అడిగి కాసేపు ఆగండి. వెతుక్కుని తెచ్చుకున్న జవాబే నిలుస్తుంది. తప్పు చెబితే కసురుకోకుండా "బొమ్మ ఏది?" అని అడగండి. గడియారం పెట్టి పరుగెత్తించడం ఆఖరి పని, మొదటి పని కాదు. అన్నదమ్ముల పిల్లలతో పోల్చడం ఏనాటి పనీ కాదు. అది మేము మొదటి వారంలో చేశాము. ఇప్పటికీ చిన్నతనంగా ఉన్నది.

ముప్పై ఆరు

ఫలితం ఎలా ఉందని అడుగుతారు. మా మనుమరాలు గణిత పండితురాలు కాలేదు. ఆరేళ్ళ దగ్గర ఇప్పటికీ ఒక క్షణం ఆగుతుంది, పచ్చడి తలచుకుని ముఖం చిట్లించి, నలభై రెండు అంటుంది. కళ్ళలో నీళ్ళు మాత్రం లేవు. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడే ఆ పిల్లకు నూరు వరకు తెలుగు అంకెలు వచ్చాయి. పర్వం, జాము, పత్రి, ముగ్గు అనే మాటలు వచ్చాయి. లెక్క నేర్పబోతే భాష వెంట వచ్చింది.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు, ఆ ఊరి పాత పటం ఒకటి చూపించాము. 1785లో అమెరికా చేసిన భూముల చట్టం ప్రకారం నేలను ఆరు మైళ్ళ పొడవు, ఆరు మైళ్ళ వెడల్పు గల చతురాలుగా కొలిచారు. పాత ఫార్మింగ్టన్ టౌన్‌షిప్పు అటువంటి చతురమే. ఎయిట్ మైల్ నుంచి ఫోర్టీన్ మైల్ వరకు ఆరు మైళ్ళు, హాగర్టీ రోడ్డు నుంచి ఇంక్‌స్టర్ రోడ్డు వరకు ఆరు మైళ్ళు. మైలుకొక గడి. ఆ చతురంలో ఎక్కువ భాగమే 1973లో ఫార్మింగ్టన్ హిల్స్ నగరమైంది. "ఎన్ని గడులమ్మా?" అన్నాము. లెక్కబెట్టలేదు, పటం వైపు చూడనైనా లేదు. "ఆరార్లు ముప్పై ఆరు" అన్నది.

ముత్తాత అయిదేళ్ళ కష్టం ఖరీదు కూడా ముప్పై ఆరేనని, పౌనులలో ముప్పై ఆరని అప్పుడు చెప్పాము. పటం మీద వ్రేలు పెట్టి ఒక్కొక్క గడినీ తడుముతూ చాలాసేపు కూర్చుంది. ఆ ముప్పై ఆరు ఇక ఆమె తలలోంచి జారదని మా నమ్మకం. మీ ఇంటి ముప్పై ఆరు ఏదో వెతికి మీ పిల్లలకు చెప్పండి. ఎక్కం దానంతట అదే తలకెక్కుతుంది.